ఎమ్యులేటర్ ఆటవస్తువు కాదు

పాత కంప్యూటర్ల సంగతి ఎత్తగానే చదువుకున్నవాళ్ళు, అందులోనూ సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల్లో ఉన్నవాళ్ళు, ఒకే పాట అందుకుంటారు. విండోస్ 98 నాటి ప్రోగ్రాములతో ఇప్పుడు పనేమిటి? ఎమ్యులేటర్లంటే చిన్నప్పటి గేములు మళ్ళీ ఆడుకోవాలనుకునేవాళ్ళ కాలక్షేపం. దాచుకోవలసినవేమైనా ఉంటే పీడీఎఫ్‌లోకో యూనికోడ్‌లోకో మార్చేసుకుంటే సరి. ఇదీ వాళ్ళ వాదన. కొందరు ఇంకో అడుగు ముందుకేసి, మన ఇంజినీరింగ్ కాలేజీలు 30 ఏళ్ళ కిందటి టర్బో సీ దగ్గరే ఆగిపోవడానికి ఈ ఎమ్యులేటర్లే కారణమని తీర్పు కూడా చెప్పేస్తారు. విని విని మనందరికీ ఇవి నిజాలైపోయాయి. కాస్త ఆగి పరీక్షిస్తే వీటిలో నిలబడేది ఒక్కటీ లేదు. పైగా ఈ మాటల వల్ల తెలుగుకు జరుగుతున్న నష్టం చిన్నది కాదు. ఈ వ్యాసం ఆ నష్టం గురించి.

ఎమ్యులేటర్ చేసే పని ఇది. ప్రాసెసర్, మెమరీ, డిస్క్ కంట్రోలర్, గ్రాఫిక్స్ కార్డు, కీబోర్డు, ఇలా ఒక పాత కంప్యూటర్ మొత్తాన్ని కొత్త కంప్యూటర్ మీద ప్రోగ్రాముగా నడిపిస్తుంది. లోపల నడిచే పాత సాఫ్ట్‌వేర్‌కు తాను అసలు యంత్రం మీద లేనన్న సంగతే తెలియదు. నెదర్లాండ్స్‌కు చెందిన ఇద్దరు ప్రోగ్రామర్లు 2002లో డాస్‌బాక్స్ విడుదల చేశారు. ఫ్రాన్స్‌కు చెందిన ఫాబ్రీస్ బెలార్ 2003లో క్యూఎము తెచ్చాడు. పీసీఎం, దాన్నుంచి పుట్టిన 86బాక్స్ అయితే ఫలానా మదర్‌బోర్డు, ఫలానా వీడియో కార్డు అని ఎంచుకునేంత వివరంగా పాత పీసీలను కట్టి చూపిస్తాయి. ఇవన్నీ ఉచితం. వీటిలో చాలావరకు విండోస్‌లో, లినక్స్‌లో, మ్యాక్‌లో కూడా నడుస్తాయి. ఈ చివరి గుణమే అన్నిటికన్నా ముఖ్యం, అదెందుకో తర్వాత చెబుతాను.

మా ఊరు తిరువూరు పెద్ద ఊరేమీ కాదు. ఎన్టీఆర్ జిల్లాలో, తెలంగాణ సరిహద్దు దగ్గర, విజయవాడ నుంచి భద్రాచలం వెళ్ళే దారిలో ఉంటుంది. చుట్టుపక్కలంతా మామిడి తోటలు. ఇలాంటి ఊళ్ళలో 1990ల నుంచి సీసపు అక్షరాల ప్రెస్సులు ఒక్కొక్కటే మూతపడి, వాటి స్థానంలో డీటీపీ షాపులు వెలిశాయి. అప్పటి నుంచి ఊళ్ళో అచ్చయిన కాగితాల్లో చాలా భాగం అక్కడ టైపయినవే. శుభలేఖలు, పెద్దకర్మ కార్డులు, మామిడి మండీల బిల్లు పుస్తకాలు, కల్యాణోత్సవాల కరపత్రాలు, స్కూలు వార్షికోత్సవ సంచికలు, సంఘాల మహాసభల నివేదికలు, రిటైరైన తెలుగు మాస్టార్లు సొంత ఖర్చుతో 500 కాపీలు వేయించుకున్న శతకాలు. రేపు ఈ ప్రాంతం గురించి ఎవరైనా చరిత్ర రాయాలంటే, ఏ ఇంటివాళ్ళు ఏ ఊరికి వియ్యమందారు, ఏ గుడికి ఎవరు ఎంత చందా ఇచ్చారు, ఏ ఏడు ఏ సంఘం ఏం తీర్మానించింది అన్నవి వాళ్ళకు దొరికేది వీటిలోనే. 1954 నాటి చట్టం ప్రకారం ప్రతి పుస్తకం కాపీ కలకత్తా జాతీయ గ్రంథాలయానికీ, మద్రాసు కన్నెమరాకూ, మరో రెండు గ్రంథాలయాలకూ పంపాలి. పల్లెటూరి శతకకారుల్లో ఆ చట్టం ఉందని తెలిసినవాళ్ళెందరు? అచ్చయిన 500 కాపీలు పంచిపెట్టేశాక మిగిలింది ఆ ఫైలే.

ఆ ఫైలు దేనిలో ఉంది? పేజ్‌మేకర్‌లో. ఏ అక్షరాలతో? అను ఫాంట్లతో, లేదా శ్రీలిపితో. అసలు చిక్కు ఇక్కడుంది. 1991లో వెలువడిన మొదటి యూనికోడ్‌లోనే తెలుగు ఉన్నా, అది మామూలు విండోస్‌లోకి వచ్చింది ఎక్స్‌పీతో, అంటే 2001లో. పేజ్‌మేకర్‌కు యూనికోడ్ ఎప్పుడూ రాలేదు. 2001లో వచ్చిన 7.0తోనే దాని కథ ముగిసింది. దాని వారసుడైన ఇన్‌డిజైన్‌లో తెలుగు సరిగా కుదురుకునేసరికి 2012 అయింది. ఈ రెండు దశాబ్దాలూ మన అచ్చు ప్రపంచం అంతా ఒక ఉపాయం మీద నడిచింది. ఇంగ్లిష్ అక్షరాలకు, ఉచ్చారణ గుర్తులున్న యూరప్ అక్షరాలకు కేటాయించిన గళ్ళలో తెలుగు ముక్కల్ని కూర్చోబెట్టారు. గమనించండి, అక్షరాలు కావు, ముక్కలు. తలకట్టు ఒక ముక్క, కొమ్ము ఒక ముక్క, ఒత్తు ఒక ముక్క. సన్నటి అక్షరం కిందికి ఒక ఒత్తు, వెడల్పాటి అక్షరం కిందికి అదే ఒత్తు కాస్త జరిపి ఇంకొకటి. ఆపిల్ అనే కీబోర్డు అమరిక అలవాటైన ఆపరేటర్ కళ్ళు మూసుకుని వీటిని కూర్చేవాడు. ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో అదే ఫైలు తెరిస్తే తెలుగు ఒక్క అక్షరం కనపడదు. డాలరు గుర్తులు, బ్రాకెట్లు, నెత్తిన చుక్కలు పెట్టుకున్న ఇంగ్లిష్ అక్షరాలు పేజీల కొద్దీ వస్తాయి.

"పీడీఎఫ్ ఉంటే చాలు" అనేవాళ్ళు ఆ రోజుల్లో డీటీపీ షాపు గడప తొక్కి ఉండరు. పీడీఎఫ్ తీసే అలవాటే అప్పట్లో లేదు. పేజీలు దిద్దడం అయ్యాక లేజర్ ప్రింటర్‌లో బటర్ పేపర్ మీద ప్రింటు తీసేవారు, అది ప్లేటుకు వెళ్ళేది, ప్లేటు మెషీన్ ఎక్కేది. పని అయ్యాక ప్లేటూ మిగలదు, బటర్ పేపరూ మిగలదు. పీడీఎఫ్ ఉన్నచోట కూడా అది బొమ్మ మాత్రమే. లోపలి అక్షరాలు పైన చెప్పిన గజిబిజే కాబట్టి ఒక పేరు వెతికితే దొరకదు, కాపీ చేసి వేరేచోట పెడితే చదవడానికి రాదు.

ఇక కన్వర్టర్లు. వాటిని నేను తీసిపారేయడం లేదు, అవి చేసిన మేలు చాలా ఉంది. కానీ కన్వర్టర్ పని మొదలుకావాలంటే ముందు ఫైలు తెరుచుకోవాలి కదా! పేజ్‌మేకర్ ఫైలు సొంత పద్ధతిలో కట్టిన మూట. ఇన్‌డిజైన్ సీఎస్6 దాకా పేజ్‌మేకర్ ఫైళ్ళను అడోబీయే తెరిచేది, తర్వాత ఆ తలుపు మూసేసింది. లిబ్రేఆఫీస్ 2015 నుంచి వాటిని కొంతవరకు తెరుస్తోంది. పేజీ రూపం చెదిరిపోయి వచ్చినా పాఠం బయటపడితే అదే పదివేలు అనుకోవచ్చు. అయితే ఆ పాఠంలో ఏ మాట అను ఫాంటులో ఉంది, ఏ మాట మామూలు ఇంగ్లిష్ ఫాంటులో ఉంది అన్న గుర్తు పోయిందంటే కన్వర్టర్‌కు దారి తెలియదు. ఫోన్ నంబర్లనూ ఇంగ్లిష్ పేర్లనూ తెలుగు ముక్కలనుకుని మార్చేస్తుంది. అను 6కూ అను 7కూ ఉన్న తేడాలు వేరే తలనొప్పి. సరిగా మారిందా లేదా అని చూసుకోవడానికి అసలు పేజీ పక్కన ఉండాలి. ఆ అసలు పేజీని చూపించగలిగేది ఆనాటి పేజ్‌మేకర్, ఆనాటి ఫాంట్లతో. అంటే ఆనాటి కంప్యూటర్.

కన్వర్టర్ కూడా సాఫ్ట్‌వేరే, దానికీ వయసు మీదపడుతుంది. ఇంటర్నెట్ తొలిరోజుల్లో తెలుగు పత్రికలు ఒక్కొక్కటి ఒక్కో సొంత ఫాంటుతో వెబ్‌సైట్లు నడిపినప్పుడు, వాటిని యూనికోడ్‌లోకి మార్చి చూపించడానికి ఫైర్‌ఫాక్స్‌లో పద్మ అనే యాడాన్ వచ్చింది. నిజంగా గొప్ప సేవ చేసింది. అది పాత పద్ధతిలో తయారైన యాడాన్. 2017 నవంబరులో ఫైర్‌ఫాక్స్ 57 ఆ పాత పద్ధతి యాడాన్లన్నిటినీ ఒక్కసారిగా ఆపేసింది. కన్వర్టర్ మీద భారం వేసి కూర్చుంటే, రేపు ఆ కన్వర్టర్‌ను నడపడానికే ఎమ్యులేటర్ కావలసి వస్తుంది.

మా ఊరి షాపుల్లో ఒకదానిలో నేను దగ్గరుండి చూసింది చెబుతాను. ఒకాయన చనిపోయిన తండ్రి రాసిన శతకాన్ని మళ్ళీ వేయిద్దామని పాత సీడీ పట్టుకొచ్చారు. షాపతను సీడీ చూసి, "ఆ సిస్టం పోయి నాలుగేళ్ళయిందండీ, ఇప్పుడిది ఎక్కడ ఓపెన్ అవుద్ది?" అన్నాడు. డిప్లొమా చదివే అతని కొడుకు లాప్‌టాప్‌లో 86బాక్స్ ఉంది. 64 ఎంబీ మెమరీ ఉన్న పెంటియం కంప్యూటర్‌ను అందులో సృష్టించి, దాని మీద షాపులో ఉన్న సీడీల నుంచి విండోస్ 98, పేజ్‌మేకర్ 6.5 ఎక్కించాడు. ఫైలు తెరవగానే ఫలానా ఫాంటు లేదు, బదులుగా వేరేది వాడమంటారా అని పేజ్‌మేకర్ అడిగింది. వద్దని చెప్పి, అలమరలో నుంచి అను పాత సీడీ వెతికి తీసి ఫాంట్లు ఎక్కించి మళ్ళీ తెరిచారు. పద్యాలు వచ్చాయి. ఒక్కో పేజీకి రెండు, చుట్టూ సన్నటి బోర్డరు, మకుటం లావు అక్షరాల్లో.

అంతకుముందు ఎవరో అదే పాఠాన్ని కన్వర్టర్‌లో వేసి తీసిన ప్రతి కూడా ఆయన దగ్గర ఉంది. రెండూ పక్కపక్కన పెట్టి చూశాం. కన్వర్టర్ ప్రతిలో అరసున్నలు ఎగిరిపోయాయి, బండి ఱలు మామూలు రలయ్యాయి, కొన్నిచోట్ల ఒత్తులు రాలిపోయాయి. వచనంలో అయితే సర్దుకుపోతాం. పద్యంలో ఒత్తు రాలితే ముందరి అక్షరం గురువు కాస్తా లఘువై గణం చెడుతుంది. ఆ కవి ఛందస్సు తెలియనివాడని చదివినవాళ్ళు అనుకుంటారు. బతికి ఉంటే ఆయన ఒప్పుకుంటాడా? 86బాక్స్‌లోని విండోస్‌లో పోస్ట్‌స్క్రిప్ట్ ప్రింటర్ ఒకటి పెట్టుకుని, కాగితం మీదికి బదులు ఫైల్లోకి ప్రింటు తీసి, దాన్ని బయటికి తెచ్చి గోస్ట్‌స్క్రిప్ట్‌తో పీడీఎఫ్ చేశారు. యూనికోడ్ ప్రతిని ఆ పేజీలు ముందు పెట్టుకుని అక్షరం అక్షరం దిద్దుకున్నారు. ఎమ్యులేటర్‌కూ కన్వర్టర్‌కూ పోటీ లేదు. రెండోదాన్ని నమ్మాలంటే మొదటిది ఉండి తీరాలి.

"ఇంత అవస్థ ఎందుకు, ఒక పాత కంప్యూటర్ దాచుకుంటే పోలా?" అని అడిగేవాళ్ళున్నారు. చాలా షాపుల్లో జరుగుతున్నది అదే. మూలన ఒక ఎక్స్‌పీ మెషీన్, దానికి నెట్ తగిలించరు, ఎవర్నీ ముట్టుకోనివ్వరు. మైక్రోసాఫ్ట్ ఎక్స్‌పీకి రక్షణ ఆపేసింది 2014 ఏప్రిల్ 8న. మదర్‌బోర్డు మీద కెపాసిటర్లు ఉబ్బుతాయి, ఐడీఈ హార్డ్ డిస్కులు చప్పుడు మొదలుపెడతాయి, విడిభాగాలు దొరకవు. ఆ ఒక్క మెషీన్ ఆగిన రోజు 20 ఏళ్ళ పని ఆగిపోతుంది. కొత్త కంప్యూటర్‌లో నేరుగా పెడదామంటే 64 బిట్ విండోస్‌లో 16 బిట్ ప్రోగ్రాములకు చోటే లేదు. ఆనాటి 32 బిట్ ప్రోగ్రాముల్లో కూడా చాలావాటి ఇన్‌స్టాలర్లు 16 బిట్‌వే. 2021లో వచ్చిన విండోస్ 11కు అసలు 32 బిట్ వెర్షనే లేదు. వర్చువల్ మెషీన్ పెట్టుకోవచ్చు, కానీ అది సాధారణంగా కింద ఉన్న అసలు ప్రాసెసర్‌నే వాడుకుంటుంది. ఆపిల్ 2020లో ఇంటెల్‌ను వదిలి సొంత చిప్‌లకు మారగానే ఆ దారి అక్కడ మూసుకుపోయింది. ఎమ్యులేటర్ ప్రాసెసర్‌ను కూడా తానే అనుకరిస్తుంది కాబట్టి దానికి ఈ బెడద లేదు. కింద చిప్ మారినా, విండోస్ పోయి లినక్స్ వచ్చినా, కొత్త యంత్రానికి ఎమ్యులేటర్‌ను మళ్ళీ తయారుచేసుకుంటే పాత ఫైళ్ళన్నీ మళ్ళీ తెరుచుకుంటాయి. అన్నిచోట్లా నడుస్తుందన్న గుణం ముఖ్యమని ముందు అన్నది ఇందుకే.

ఇది మన ఒక్కళ్ళ బాధ కాదు. ఇంగ్లాండులో 1086లో రాయించిన డూమ్స్‌డే గ్రంథానికి 900 ఏళ్ళు నిండిన సందర్భంగా, 1986లో బీబీసీ దేశం మొత్తం వివరాలను లేజర్ డిస్కుల్లోకి ఎక్కించింది. దాదాపు 10 లక్షల మంది, ఎక్కువగా బడిపిల్లలు, తమ ఊళ్ళ గురించి రాశారు. ఆ డిస్కులను బీబీసీ మాస్టర్ అనే కంప్యూటర్‌తో, ప్రత్యేకమైన ప్లేయర్‌తో మాత్రమే చదవగలం. పదిహేనేళ్ళు తిరిగేసరికి ఆ యంత్రాలు కనుమరుగయ్యాయి. తొమ్మిది వందల ఏళ్ళనాటి తోలు పుటలు చదవడానికి వస్తున్నాయి, పదిహేనేళ్ళనాటి డిస్కులు రావడం లేదు. లీడ్స్, మిచిగన్ విశ్వవిద్యాలయాలు కలిసి నడిపిన ప్రాజెక్టులో 2002 నాటికి దాన్ని మళ్ళీ కళ్ళకు చూపించగలిగింది ఎమ్యులేటర్‌తోనే. ఆ బీబీసీ మాస్టర్ కుటుంబానికే చెందిన బీబీసీ మైక్రోలను మన కేంద్ర ప్రభుత్వం కూడా 1984లో మొదలుపెట్టిన క్లాస్ ప్రాజెక్టు కింద తొలివిడతలో సుమారు 250 బడులకు పంచింది. ఆ బడుల్లో పిల్లలు రాసిన ప్రోగ్రాములెన్ని, అవి ఏమయ్యాయి? అడిగే నాథుడే లేడు.

ఎమ్యులేటర్లంటే పైరసీ అన్న ఆరోపణ ఇంకొకటి ఉంది, దానికి ఎక్కువ చోటు ఇవ్వనవసరం లేదు. ఎమ్యులేటర్ రాయడం నేరం కాదని, ప్లేస్టేషన్‌ను అనుకరించిన కనెక్టిక్స్ మీద సోనీ వేసిన కేసులో 2000లోనే అమెరికా అప్పీలు కోర్టు తేల్చింది. మన కాపీరైట్ చట్టం 52వ సెక్షన్ కూడా, న్యాయంగా కొన్న ప్రోగ్రామును నష్టం నుంచి కాపాడుకోవడానికి నకలు తీసుకోనిస్తుంది. డాస్‌బాక్స్ తన సొంత డాస్‌తో వస్తుంది, ఎవరి సొత్తూ వాడుకోదు. లైసెన్సు లేని కాపీలు మన ఊళ్ళలో నడిచాయన్నది నిజమే. అవి ఎమ్యులేటర్లు రాకముందు నుంచీ ఉన్నవే.

టర్బో సీ గొడవ మీద మాత్రం గట్టిగా మాట్లాడాలి. మన కాలేజీ లాబుల్లో ఏళ్ళ తరబడి డాస్‌బాక్స్‌తో కలిపి కట్టిన టర్బో సీ++ నీలం తెర మీద పిల్లలు ప్రోగ్రాములు రాశారు. ఆ కంపైలర్ 1990ల తొలినాటిది. సీ++కు అంతర్జాతీయ ప్రమాణం వచ్చింది 1998లో. అందువల్ల అందులో నేర్చుకున్న హెడర్ ఫైళ్ళ పేర్లు కొత్త కంపైలర్లకు ఎక్కవు. అందులో పూర్ణ సంఖ్య 32,767 దాటితే తిరగబడి మైనస్‌లోకి పోతుంది, ఎందుకు పోయిందో చెప్పేవాళ్ళుండరు. ఇలా చదివిన పిల్లలు ఇంటర్వ్యూల్లో అవమానపడ్డారు. వాళ్ళ కోపం న్యాయమైనదే. కానీ ఆ తప్పు ఎవరిది? జీసీసీ అనే కంపైలర్ ఉచితంగా దొరుకుతున్నా సిలబస్ మార్చనివాళ్ళది, పాత లాబ్ మాన్యువల్‌ను ఏటా జిరాక్స్ తీయించినవాళ్ళది. డాస్‌బాక్స్ లేకపోతే ఆ కాలేజీలు జీసీసీకి మారేవని అనుకుంటున్నారా? పాత మెషీన్లు చచ్చేదాకా వాటి మీదే చెప్పేవారు, చచ్చాక బోర్డు మీద రాసి చూపించేవారు.

అదే డాస్‌బాక్స్‌ను తెలిసిన గురువు చేతిలో పెడితే ఏమవుతుందో చూడండి. ఆ పాత పీసీ తెర మీద 80 నిలువు వరసలు, 25 అడ్డ వరసలు. ఒక్కో అక్షరానికి మెమరీలో రెండు బైట్లు, ఒకటి అక్షరానికి, ఒకటి రంగుకు. మొత్తం 4,000 బైట్లు. అవి బీ800 అనే సెగ్మెంటు దగ్గర మొదలవుతాయి. పాయింటర్‌ను అక్కడికి చూపించి ఒక బైటు రాయండి, ఏ ప్రింట్ ఆజ్ఞా లేకుండానే తెర ఎడమవైపు పై మూలన ఆ అక్షరం ప్రత్యక్షమవుతుంది. పక్క బైటు మార్చండి, రంగు మారుతుంది. పాయింటర్ అంటే ఏమిటో, మెమరీ అంటే ఏమిటో ఆ క్షణంలో అర్థమైనట్టు 30 పేజీల నోట్సు చదివినా అర్థం కాదు. ఇప్పటి విండోస్‌లో ఈ పని చేయబోతే ఆపరేటింగ్ సిస్టమ్ ప్రోగ్రామునే చంపేస్తుంది, అది దాని ధర్మం. 8086 పాఠం ఇప్పటికీ ఉన్న కాలేజీల్లో ఎసెంబ్లీ లాబ్ నడుస్తున్నది కూడా చాలాచోట్ల డాస్‌బాక్స్ మీదే. తిరువూరు లాంటి ఊరి పిల్లవాడు పైసా ఖర్చు లేకుండా తన సొంత లాప్‌టాప్‌లో 1978 నాటి ప్రాసెసర్‌ను విప్పి చూసుకోగలుగుతున్నాడు. దీన్ని వెనకబాటు అనడానికి నోరెలా వస్తుంది?

నిజంగా ఆందోళన పడవలసిన సంగతి వేరే ఉంది, దాని గురించి ఎవరూ మాట్లాడరు. ఎమ్యులేటర్లు రాసినవాళ్ళు తమకు ప్రియమైనవాటిని కాపాడుకున్నారు. డాస్‌బాక్స్‌లో సౌండ్ బ్లాస్టర్ ఉంది, ఆడ్‌లిబ్ ఉంది, గ్రావిస్ అల్ట్రాసౌండ్ ఉంది. జిస్ట్ కార్డు లేదు. ఐఐటీ కాన్పూర్‌లో 1980ల మొదట్లో పుట్టి, తర్వాత పుణే సీ-డాక్ చేతుల మీదుగా బయటికొచ్చిన ఆ కార్డు డాస్ కంప్యూటర్‌లో తెలుగు చూపించింది. డీబేస్, వర్డ్‌స్టార్ లాంటి ఇంగ్లిష్ ప్రోగ్రాముల్లో ఏ మార్పూ చేయకుండానే మన లిపిని తెర మీదికి తెచ్చింది. ఆ కార్డు ఉన్న కంప్యూటర్ల మీద తయారైన ఫైళ్ళను ఆనాటివాళ్ళు చూసినట్టు చూడాలంటే ఆ కార్డునూ అనుకరించాలి. ఆమ్‌స్టర్‌డామ్‌లోనో లండన్‌లోనో ఉన్న ప్రోగ్రామర్ మన కోసం ఆ పని చేస్తాడని ఎదురుచూడటం అన్యాయం. ఈ ఎమ్యులేటర్ల సోర్సు కోడ్ అందరికీ తెరిచే ఉంది. హైదరాబాదులో, బెంగళూరులో, అమెరికాలో ఇన్ని లక్షల మంది తెలుగు సాఫ్ట్‌వేర్ ఇంజినీర్లున్నారు. ఎవరి అటక మీదైనా ఆ కార్డు, దాని మాన్యువల్, దాని డ్రైవర్ ఫ్లాపీ ఉంటే బయటికి తీయాలి. కార్డు మీది చిప్‌ల నంబర్లు కనపడేట్టు ఫోటోలు తీయాలి, అందులోని రోమ్ చిప్‌లను చదివి భద్రం చేయాలి.

డీటీపీ షాపుల వాళ్ళకూ ఒక మాట. మూలనున్న ఆ సిస్టంను తుక్కుకు వేసేముందు హార్డ్ డిస్క్ ఊడదీయండి. ఐడీఈని యూఎస్‌బీకి కలిపే అడాప్టర్ తగిలించి, డిస్క్ మొత్తాన్ని ఒకే ఇమేజ్ ఫైలుగా తీసుకోండి. జాబుల ఫోల్డర్ ఒక్కటీ కాపీ చేస్తే సరిపోదు, ఫాంట్లు, కీబోర్డు సెట్టింగులు, పేజ్‌మేకర్ అన్నీ ఆ ఇమేజ్‌లోనే ఉంటాయి. శ్రీలిపి లాంటివాటికి ప్రింటర్ పోర్టులో పెట్టే లాక్ ఉంటే దాన్ని పారేయకండి, దాని మీద ఏ సాఫ్ట్‌వేర్‌దో, ఏ వెర్షన్‌దో రాసి పెట్టండి. కస్టమర్ల చిరునామాలు, ఫోన్ నంబర్లు అందులో ఉంటాయి కాబట్టి ఆ ఇమేజ్ ఎవరికి పడితే వాళ్ళకు ఇవ్వకూడదు. రెండు వేరువేరు డిస్కుల్లో రెండు కాపీలు పెట్టి, ఒకటి షాపులో, ఒకటి ఇంట్లో ఉంచుకోండి.